స్టాండ్‌బైలో డెడ్‌లాక్‌ని పట్టుకోవడం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రిపోర్టులన్నీ స్టాండ్‌బై (ప్రైమరీ, అంటే అసలు సర్వర్‌ని అనుసరించే, చదవడానికే వాడే కాపీ) మీదకి తోసేశాక లాకుల గొడవ తీరిందనుకున్నాను. నాలుగో రోజు రాత్రే ఒక రిపోర్టు మధ్యలో పడిపోయింది. ప్రైమరీ లాగంతా గాలించాను. డెడ్‌లాక్ (రెండు పక్షాలు ఒకదానికోసం ఒకటి ఆగి ఇరుక్కుపోవడం) అన్న మాటే లేదు. ఎలా ఉంటుంది, గొడవ జరిగింది స్టాండ్‌బైలో కదా!

పోస్ట్‌గ్రెస్ స్టాండ్‌బైలో రాతలుండవు, రో లాకులుండవు. అడ్వైజరీ లాకులు (అప్లికేషనే అడిగి తీసుకునేవి) వాడితే తప్ప రెండు సెలెక్టులు ఒకదాన్నొకటి ఇరికించుకోవు. ఇక్కడ రెండో పక్షం వాల్‌ని (ప్రైమరీలో జరిగిన మార్పుల రికార్డు) రీప్లే చేసే, అంటే ఆ మార్పుల్ని స్టాండ్‌బైలో మళ్లీ అమలు చేసే స్టార్టప్ ప్రాసెస్.

నా కేసు చూడండి. రిపోర్టు ఆర్డర్ల టేబుల్ మీద కర్సర్ (వరుసల్ని కొన్నికొన్నిగా తెచ్చుకునే మార్గం) తెరిచి కొన్ని వరుసలు లాగింది. ఆ వరుసలున్న పేజీ దాని పిన్ ('వాడుతున్నాను, కదపొద్దు' అన్న గుర్తు) కింద ఉంది. ఈలోగా ప్రైమరీలో ఎవరో కస్టమర్ల టేబుల్‌కి ఆల్టర్ (టేబుల్ నిర్మాణం మార్చే కమాండ్) కొట్టి కమిట్ చేయకుండా వదిలేశారు. ఆ ఎక్స్‌క్లూజివ్ లాక్ స్టాండ్‌బైలో స్టార్టప్ చేతికొచ్చింది. తర్వాత రీప్లేకి వచ్చిన వాక్యూమ్ (పాత వరుసల్ని తుడిచే పని) రికార్డుకి అదే ఆర్డర్ల పేజీ ఖాళీగా కావాలి. స్టార్టప్ పిన్ కోసం ఆగింది, రిపోర్టేమో కర్సర్ మూయకుండానే కస్టమర్ల టేబుల్ చదవబోయి దాని లాక్ కోసం ఆగింది.

చిక్కేమిటంటే, లాకుల్ని చూపే పీజీ_లాక్స్‌లో సగమే కనిపిస్తుంది. పిన్‌లు అందులో ఉండవు. కాబట్టి ఏ ప్రాసెస్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీలో స్టార్టప్ వరుస చూడండి. వెయిట్ ఈవెంట్ టైప్ 'బఫర్‌పిన్' అని ఉండి, అదే సమయంలో ఏదో సెషన్ స్టార్టప్ పట్టుకున్న లాక్ కోసం ఆగి ఉంటే దొరికినట్టే. కాకపోతే చూసే టైమ్ తక్కువ. డెడ్‌లాక్ ఉందేమో చూసే ముందు ఆగే గడువు, డెడ్‌లాక్_టైమవుట్, డిఫాల్టు 1 సెకనే, అది దాటగానే పోస్ట్‌గ్రెస్ రిపోర్టుని చంపేస్తుంది.

అందుకే జరిగిపోయాక వెతకడమే ఎక్కువ. స్టాండ్‌బైలోనే, రీప్లేతో గొడవపడి రద్దైన క్వెరీల లెక్క ఉండే పీజీ_స్టాట్_డేటాబేస్_కాన్‌ఫ్లిక్ట్స్ తెరిచి, కాన్‌ఫ్ల్_డెడ్‌లాక్ కాలమ్‌ని నిన్నటి అంకెతో పోల్చండి. అది పోగయ్యే లెక్క, ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. లాగ్‌లో 'బఫర్ డెడ్‌లాక్ విత్ రికవరీ' అన్న ముక్క వెతకండి. వెర్షన్ 14 నుంచి, స్టార్టప్ ఇలా ఎక్కువసేపు ఆగితే లాగ్‌లో రాసే సెట్టింగు లాగ్_రికవరీ_కాన్‌ఫ్లిక్ట్_వెయిట్స్ ఉంది. డిఫాల్టుగా ఆఫ్, ముందు దాన్ని ఆన్ చేయండి.

క్వెరీల కోసం రీప్లే ఎంతసేపు ఆగాలో చెప్పే మాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలే పెంచమని చాలామంది సలహా ఇస్తారు. నేనూ -1 (ఎంతసేపైనా ఆగు) పెట్టి చూశాను. రీప్లే వెనకబడింది తప్ప డెడ్‌లాక్ ఆగలేదు.

చివరికి రిపోర్టునే మార్చాను. కర్సర్ మూసేశాకే కస్టమర్ల టేబుల్ జోలికి వెళ్తుంది. కాన్‌ఫ్ల్_డెడ్‌లాక్ అప్పటినుంచి 3 దగ్గరే ఉంది.