చలికాలంలో బోస్టన్ లైట్ దీవికి పడవలో వెళ్తున్నారా? ఈ జాగ్రత్తలు మరవకండి

బోస్టన్ ఓడరేవు ముఖద్వారంలో, లిటిల్ బ్రూస్టర్ అనే చిన్న రాతి దీవి మీద బోస్టన్ లైట్ అనే దీపస్తంభం ఉంది. వేసవి రద్దీ తగ్గాక సొంత పడవల్లో, కయాక్‌లనే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవల్లో దాన్ని చూడటానికి వెళ్లేవారు అన్నిటికన్నా ఎక్కువగా భయపడవలసింది ఒడ్డుకు దిగే ఆ చివరి కొద్ది గజాలకే.

1716లో ఈ దీపం వెలిగినప్పుడు దాని మొదటి కాపరి జార్జ్ వర్తీలేక్. 1718 నవంబరులో ఆయన కుటుంబంతో పెద్ద పడవలో దీవి దాకా క్షేమంగానే వచ్చారు. లంగరు వేసి, ఒడ్డు చేరడానికి చిన్న దోనెలోకి మారారు. అది బోల్తాపడి ఆయన, భార్య, కూతురు, వెంట ఉన్నవారు మునిగిపోయారు. ఆ నీళ్లను అంత దగ్గరగా ఎరిగిన మనిషికే తప్పలేదు.

అందుకే దిగేటప్పుడు తొందరపడకండి. అల పడవను పైకెత్తిన క్షణంలో, ఒక్కొక్కరుగా, ఖాళీ చేతులతో కాలు మోపాలి. సంచులు తర్వాత అందించుకోవచ్చు. రాళ్ల మీద పాకురు ఉంటుంది, జారని అడుగున్న బూట్లు వేసుకోండి. ఇక్కడ ఆటుపోట్ల మధ్య తేడా దాదాపు 3 మీటర్లు. దిగిన రాయి తిరిగి వచ్చేసరికి నీటిలో మునిగి ఉండవచ్చు కాబట్టి పోటు వేళలు రాసి పెట్టుకోండి. దిగడానికి అనుమతి ఉందో లేదో కూడా ముందే కనుక్కోవాలి.

చలికాలపు నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపు తప్పుతుంది. సుమారు పది నిమిషాల్లో చేతులు పట్టు కోల్పోతాయి. ఎంత బాగా ఈత వచ్చినా ఇంతే. లైఫ్ జాకెట్ పడవ అడుగున పడి ఉంటే ఏ ఉపయోగమూ లేదు, పట్టీలు బిగించి ఒంటి మీదే ఉండాలి. మసాచుసెట్స్ చట్టం సెప్టెంబరు 15 నుంచి మే 15 వరకు కయాక్, కనూలలో వెళ్లేవారు దాన్ని వేసుకుని తీరాలంటుంది. పెద్ద పడవలోనైనా వేసుకోమనే నా మాట.

ఈశాన్య గాలి వీస్తుందని సూచన ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. గాలి తగ్గినా అలల ఉధృతి వెంటనే తగ్గదు. ఎటు వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పండి. ఆపదలో సహాయం కోరే రేడియో 16వ ఛానెల్ వాడటం పడవలో ఇద్దరికైనా తెలియాలి.

దీవి దాకా వెళ్లాక ఒడ్డున అలలు విరుగుతుంటే పడవ దిగవద్దు. 27 మీటర్ల ఆ తెల్లటి గోపురం నీటి మీద నుంచే చక్కగా కనిపిస్తుంది.