పాత డెస్క్‌టాప్‌కు మెమరీ, నాలుగో పాఠం: జీబీలు కాదు, చిప్‌లు లెక్కపెట్టండి

డీడీఆర్2, డీడీఆర్3 అనే రెండు రకాల మెమరీ స్టిక్‌లను వాటి అంచున ఉన్న గంటు (కోత) ఎక్కడుందో చూసి గుర్తుపట్టడం గత పాఠంలో నేర్చుకున్నాం. మదర్‌బోర్డు మోడల్, చిప్‌సెట్ (బోర్డును నడిపే ముఖ్య చిప్‌లు) పేరు ఒక కాగితం మీద రాసుకొమ్మని చివర చెప్పాను. మీరు రాసిన ఉత్తరాలు చదివాక అర్థమైంది: చాలామంది గంటు చూశారు, కాగితం వదిలేశారు, నేరుగా దుకాణానికి వెళ్లారు. ఈసారి మెమరీ పరీక్ష గురించి చెప్పాల్సింది. దాన్ని పక్కన పెడుతున్నాను, ఎందుకంటే పరీక్షించడానికి ముందు కంప్యూటర్ లేవాలి కదా.

ఉత్తరాలన్నిటి సారాంశం ఒక్కటే. బోర్డు డీడీఆర్3, కొన్నది డీడీఆర్3 4 జీబీ స్టిక్కే. గంటు సరిపోయింది, రెండు వైపులా క్లిప్పులు పడ్డాయి. అయినా తెర నల్లగానే ఉంది, లేదా 2 జీబీ మాత్రమే చూపిస్తోంది. దుకాణంలో వాళ్ల కంప్యూటర్‌లో పెడితే అదే స్టిక్ 4 జీబీ చూపించింది. దాంతో కొందరు బోర్డు పాడైందనుకున్నారు. ఒకరైతే కొత్త బోర్డు కొనడానికి సిద్ధపడ్డారు. దయచేసి ఆగండి. మీ బోర్డు బాగానే ఉంది. స్టిక్ కూడా బాగానే ఉంది. రెండింటికీ పొత్తు కుదరదు, అంతే.

ఇలా రాసినవారిలో దాదాపు అందరిదీ ఇంటెల్ జీ41 చిప్‌సెట్ బోర్డు. కోర్ 2 డుయో, పెంటియమ్ డ్యుయల్ కోర్ ప్రాసెసర్లతో 2010 ప్రాంతంలో మన ఇళ్లలోకి, నెట్ సెంటర్లలోకి, కాలేజీ ల్యాబుల్లోకి వచ్చిన బోర్డు ఇది. దీని గరిష్ఠ పరిమితి 8 జీబీ, అంటే రెండు స్లాట్లు ఉన్న బోర్డులో స్లాటుకు 4 జీబీ. ఇంతవరకు అందరూ చదువుతారు. స్టిక్ మీద ఉన్న ఒక్కో చిప్ 2 గిగాబిట్లకు మించకూడదన్న షరతును మాత్రం ఎవరూ చదవరు. నాకు చిరాకు తెప్పించేది ఇదే. దుకాణంలో "4 జీబీ డీడీఆర్3" అని అడిగితే చేతికొచ్చేవి రెండు వేర్వేరు వస్తువులు. వాటికి పేరు ఒకటే, ధర కూడా ఇంచుమించు ఒకటే.

లెక్క కట్టి చూద్దాం. ఒక బైట్‌కు 8 బిట్లు కాబట్టి 4 జీబీ అంటే 32 గిగాబిట్లు. వాటిని 2 గిగాబిట్ల చిప్‌లు 16 పెట్టి తయారు చేయవచ్చు, 4 గిగాబిట్ల చిప్‌లు 8 పెట్టి కూడా చేయవచ్చు. మొదటి రకంలో స్టిక్‌కు రెండు వైపులా ఎనిమిదేసి చిప్‌లు ఉంటాయి. రెండో రకంలో ఒకవైపే ఎనిమిది ఉంటాయి, వెనక వైపు ఖాళీ. జీ41కు మొదటి రకమే కావాలి.

ఎందుకన్నది కూడా తెలుసుకుంటే ఇక మరచిపోరు. చిప్ లోపల సమాచారం అడ్డు వరుసలుగా, నిలువు వరుసలుగా, 8 బ్యాంకులుగా సర్ది ఉంటుంది. ఏ అడ్డు వరుస కావాలో బోర్డు కొన్ని చిరునామా తీగల ద్వారా చెబుతుంది. 15 తీగలుంటే 32,768 అడ్డు వరుసలను పిలవగలదు. 32,768 అడ్డు వరుసలు, 1,024 నిలువు వరుసలు, 8 బ్యాంకులు, ఒక్కో చోట 8 బిట్లు: వీటన్నిటినీ గుణించండి, సరిగ్గా 2 గిగాబిట్లు వస్తుంది. అదే అమరికలో 4 గిగాబిట్ల చిప్‌కు 65,536 అడ్డు వరుసలుంటాయి, వాటిని పిలవడానికి 16వ తీగ కావాలి. జీ41 దగ్గర ఆ 16వ తీగ లేదు. కాబట్టి మిగతా సగాన్ని అది పిలవలేదు. కొన్ని బోర్డులు ఆ సగంతోనే సరిపెట్టుకుని 2 జీబీ చూపిస్తాయి, కొన్ని అసలు లేవవు. బయోస్ (బోర్డును లేపే ప్రోగ్రామ్) మార్చినా, కాయిన్ బ్యాటరీ తీసి పెట్టినా, స్టిక్ కాళ్లను రబ్బరుతో రుద్దినా లేని తీగ పుట్టదు.

ఇక లేబుల్ చదవడం. ఉదాహరణకు "4జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3-10600యూ" (4GB 2Rx8 PC3-10600U) అని ఉందనుకోండి. ఎక్స్ తర్వాతి 8 అంటే ఒక్కో చిప్ ఒకేసారి 8 బిట్లు ఇస్తుందని. మెమరీ దారి వెడల్పు 64 బిట్లు కాబట్టి ఒక వరుసకు (ఇది చిప్ లోపలి అడ్డు వరుస కాదు, కలిసి పని చేసే చిప్‌ల గుంపు) 8 చిప్‌లు కావాలి. ఆర్ ముందున్న 2 అంటే అలాంటి వరుసలు రెండు. రెండు ఎనిమిదులు పదహారు. అదే 1ఆర్ఎక్స్8 అని ఉంటే చిప్‌లు ఎనిమిదే. 4 జీబీ మీద 2ఆర్ఎక్స్8 ఉంటే జీ41కు తీసుకోండి, 1ఆర్ఎక్స్8 ఉంటే వెనక్కి ఇచ్చేయండి. చివర ఉన్న యూ కూడా ముఖ్యమే. యూ అంటే మామూలు డెస్క్‌టాప్ స్టిక్, ఎస్ అంటే ల్యాప్‌టాప్‌ది, ఆర్ అంటే సర్వర్‌ది. సర్వర్ స్టిక్‌లు పాతసామాను దుకాణాల్లో చాలా చౌకగా దొరుకుతాయి. గంటు సరిపోతుంది, స్లాటులో కూర్చుంటుంది, కానీ పని చేయదు.

నేనైతే లేబుల్‌లో ముందు పార్ట్ నంబరే చూస్తాను. శాంసంగ్ 4 జీబీ స్టిక్ మీద ఎం378బి తర్వాత 5273 ఉంటే 16 చిప్‌లది, 5173 ఉంటే 8 చిప్‌లది. హైనిక్స్ అయితే హెచ్‌ఎంటీ తర్వాత 351 ఉంటే తీసుకోవచ్చు, 451 ఉంటే వద్దు. ఆఫీసు కంప్యూటర్ల నుంచి తీసిన ఇలాంటి స్టిక్‌లనే నేను ఇష్టపడతాను, పేరు తెలియని కొత్త స్టిక్ కంటే ఇవే మేలు. పైన రంగురంగుల లోహపు రేకు తొడిగినవి ఈ వయసు కంప్యూటర్లకు కొనకండి. వీటికి అంత వేడి రాదు, పైగా చిప్‌లు లెక్కపెట్టడానికి ఆ రేకు అడ్డు.

చిప్‌లు 16 ఉన్నాయి కదా అని లేబుల్ చదవకుండా కొనేవారికి ఇంకో గుంత ఉంది. "ఏఎండీకి మాత్రమే" అంటూ తక్కువ ధరకు అమ్మే స్టిక్‌లలో ఎక్స్4 చిప్‌లుంటాయి. 64 బిట్ల దారికి అలాంటివి 16 కలిస్తే గానీ ఒక్క వరుస కాదు. చూపుకు మనకు కావలసిన స్టిక్‌లాగే ఉంటుంది, కానీ ఇంటెల్ డెస్క్‌టాప్ బోర్డులు ఆ అమరికను తీసుకోవు. ఏఎం3 సాకెట్ ఉన్న ఏఎండీ బోర్డు మీదైతే నిక్షేపంగా వాడుకోండి.

వేగం గురించి మీరు పడుతున్నంత బెంగ అక్కర్లేదు. జీ41 అధికారికంగా 1066 వరకే నడుపుతుంది. 1333, 1600 స్టిక్‌లు పెట్టినా దిగివచ్చి దాని వేగంతోనే నడుస్తాయి. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ రకం 1.5 వోల్టుల దగ్గర కూడా పని చేసేలా చేసినదే. 8 జీబీ పెట్టాక విండోస్ 3 జీబీ చిల్లరే వాడుతోందంటే అది 32 బిట్ల విండోస్, అంతకు మించి వాడుకోలేదు; మొదటి పాఠం మళ్లీ చదవండి.

ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ బోర్డు ఉన్నవారికి ఈ బాధ లేదు. అది 4 గిగాబిట్ల చిప్‌లను తీసుకుంటుంది, స్లాటుకు 8 జీబీ చొప్పున 16 జీబీ వరకు వెళ్తుంది. జీ31 చిప్‌సెట్ వారిది డీడీఆర్2, గరిష్ఠం 4 జీబీ. ఇప్పటికే 2 జీబీ ఉంటే ఆ డబ్బుతో చిన్న ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్) కొనమంటాను.

దుకాణానికి మానిటర్ లేకుండా క్యాబినెట్ ఒక్కటే తీసుకెళ్లండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోటికి వెళ్లినా సరే, మీ బోర్డులో పెట్టించి, తెర మీద పూర్తి అంకె చూశాకే డబ్బివ్వండి. ఈ మాట ఎవరికో కాదు, మీకే చెబుతున్నాను.

అభ్యాసం. కింది ఐదు లేబుళ్లకు జీ41, హెచ్61 రెండింటి మీదా సమాధానం రాయండి. చిప్‌లు ఎన్ని, ఒక్కోటి ఎన్ని గిగాబిట్లు, పని చేస్తుందా, చేయకపోతే ఎక్కడ ఆగుతుంది?

2జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3-10600యూ
4జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ
4జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3ఎల్-12800యూ
8జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3-12800యూ
4జీబీ 2ఆర్ఎక్స్8 పీసీ3-10600ఆర్

తర్వాత పై గుణకారాన్ని వెనక్కి నడిపి, 1 గిగాబిట్ ఎక్స్8 చిప్‌కు అడ్డు వరుసల తీగలు ఎన్ని కావాలో తేల్చండి. చివరగా మీ కంప్యూటర్‌లోని స్టిక్ తీసి దాని లేబుల్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి, పక్కనే చిప్‌సెట్ పేరు కూడా. ఈసారి ఆ కాగితం లేనివారు ఏమీ కొనవద్దు. జవాబులు ఐదో పాఠంలో ఇస్తాను. మెమ్‌టెస్ట్86తో రాత్రంతా పరీక్షించడం కూడా అందులోనే ఉంటుంది, అందుకోసం ఒక ఖాళీ పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోండి.