మేడ మీద విమానం, మెరీనాలో ఓడ: ఫోన్‌తో పోల్చుకునే పద్ధతి

ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో వాలి రీల్స్ చూస్తూ కూర్చుంటే గంట గడుస్తుందిగానీ అలుపు తీరదు. అదే ఫోన్ పట్టుకుని మేడ ఎక్కండి. చెన్నైలో విమానాశ్రయం ఊళ్లోనే ఉంది, ఓడరేవు ఊరి అంచునే ఉంది. నెత్తి మీద పోతున్నది ఏ విమానమో, దూరంగా లంగరేసి ఉన్నది ఏ ఓడో ఫోన్‌లో చూసి పోల్చుకోవడం పైసా ఖర్చులేని కాలక్షేపం. కిటుకల్లా ఒక్కటే: ముందు కంటితో చూడాలి, ఆ తర్వాతే ఫోన్ తీయాలి. ఈ వరస తిరగబడిందా, మళ్లీ స్క్రీన్‌కే అతుక్కుపోతారు.

విమానాలతో మొదలుపెడితే తేలిక. ఫ్లైట్‌రాడార్24 ఉచిత యాప్ సరిపోతుంది, మొదట్లోనే డబ్బు కట్టకండి. యాప్ వేసుకోగానే చేయాల్సిన పని నోటిఫికేషన్లు ఆపేయడం. అట్లాంటిక్ మీద ఏదో విమానం 7700 అనే ప్రమాద సంకేతం పెట్టిందని రాత్రి పదింటికి మీ ఫోన్ మోగితే ఇక సేదతీరినట్టే.

లొకేషన్ అనుమతి ఇచ్చి పటాన్ని మీ ఇంటి చుట్టూ 30 కిలోమీటర్లకు కుదించండి. పసుపు విమానం బొమ్మను నొక్కితే ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత ఎత్తు, ఎంత వేగం అన్నీ వస్తాయి. ఎత్తు అడుగుల్లో, వేగం నాట్లలో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. విమానం రకం చెప్పే కోడ్‌లు నాలుగు గుర్తుంటే చాలు: ఏ20ఎన్ అంటే ఎయిర్‌బస్ ఏ320నియో, ఏటీ76 అంటే రెక్కలకు పంకాలుండే చిన్న ఏటీఆర్, బీ788 అంటే బోయింగ్ 787, బీ77డబ్ల్యూ అంటే రెండే ఇంజిన్లున్నా భారీగా కనపడే బోయింగ్ 777. యూరప్ నుంచి వచ్చే పెద్దవి ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే దిగుతాయి కాబట్టి వాటికోసం మేలుకోకండి.

ఏ వైపు తిరిగి కూర్చోవాలన్నది గాలి చెబుతుంది, ఎందుకంటే విమానం గాలికి ఎదురుగా దిగుతుంది. మన విమానాశ్రయం ఉన్న మీనంబాక్కంలో పెద్ద రన్‌వే పొడవు 3,658 మీటర్లు, దాని పేరు 07/25. అంటే ఒక వైపు నుంచి దిక్సూచిలో దాదాపు 70 డిగ్రీలు, రెండో వైపు నుంచి 250. పడమటి గాలి వీస్తుంటే విమానాలు సముద్రం వైపు నుంచి అడయారు, గిండీ మీదుగా దిగుతాయి. మధ్యాహ్నం సముద్రపు గాలి పుంజుకుంటే వరస మారిపోయి పడమటనున్న పమ్మల్, అనకాపుత్తూరు వైపు నుంచి వస్తాయి. అందుకే నిన్న అద్భుతంగా కనపడిన మేడ మీదే ఇవాళ ఒక్కటీ కనపడకపోవచ్చు. పటంలో బారుగా వస్తున్న రెండు మూడు విమానాల ముక్కులు ఎటున్నాయో చూస్తే విషయం తెలిసిపోతుంది.

దిగే విమానం రాకను లెక్కకట్టడం మంచి సరదా. అది 3 డిగ్రీల వాలులో దిగుతుంది, అంటే నాటికల్ మైలుకు సుమారు 300 అడుగులు. యాప్‌లో ఎత్తు 1,500 అడుగులుంటే రన్‌వేకి 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నట్టు. వేగం 140 నాట్లయితే రెండు నిమిషాలకు కాస్త అటూఇటూగా నేల తాకుతుంది. ఈ లెక్క పిల్లలకు అప్పజెప్పండి, చక్కగా చేస్తారు. వేసవిలో మాత్రం లెక్క కొంచెం తప్పుతుంది. యాప్‌లో కనపడే ఎత్తు 1013 హెక్టోపాస్కళ్ల ప్రామాణిక పీడనం ప్రకారం లెక్కకట్టినది. ఊళ్లో పీడనం 1005కి పడితే అసలు ఎత్తు కన్నా 200 అడుగులకు పైగా ఎక్కువ చూపిస్తుంది.

బాగా ఎత్తున పోయేవాటితో ఇంకో తమాషా ఉంది. 11 కిలోమీటర్ల పైనున్న విమానం చప్పుడు మన చెవికి చేరడానికి అరనిమిషం పైనే పడుతుంది. ఈలోగా అది 8 కిలోమీటర్లు ముందుకెళ్లిపోతుంది. చప్పుడు వచ్చిన వైపు వెతికితే దొరకదు, అది పోయే దారిలో ముందుకు చూడాలి.

ఆకాశంలో కనపడుతున్నది పటంలో లేకపోతే కంగారుపడకండి. తాంబరంలో వైమానిక దళ స్థావరం, అరక్కోణంలో నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ రాజాళి ఉన్నాయి. సైనిక విమానాలు చాలావరకు ఇలాంటి యాప్‌లలో కనపడవు. పటంలో ఉండి ఆకాశంలో లేకపోతే మబ్బయినా అడ్డుండాలి, సిగ్నల్ పాతదైనా అయ్యుండాలి. ఫోన్‌ను ఆకాశానికి చూపిస్తే విమానం పేరు పడే సదుపాయం తప్పు దిక్కు చూపిస్తోందంటే లోపం దిక్సూచిదే. అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ తీసేసి, ఇనప రెయిలింగ్‌కు రెండడుగులు దూరం జరిగి, ఫోన్‌ను గాల్లో ఎనిమిది అంకె రాస్తున్నట్టు నాలుగైదుసార్లు తిప్పండి.

ఇక ఓడలు. నిజం చెప్పాలంటే మనసు కుదుటపడేది వీటితోనే, ఎందుకంటే వీటికి తొందర లేదు. మెరీనాకో బీసెంట్ నగర్ బీచ్‌కో సాయంత్రం వెళ్లండి. మన తీరం తూర్పు తీరం, పొద్దున సూర్యుడు కళ్లలోకే కొడతాడు. సాయంత్రమైతే వెలుగు మన వెనక నుంచి పడి ఓడ రంగులు కూడా తెలుస్తాయి. నవంబరులో 5:40కే పొద్దుగూకుతుంది, జూలైలో 6:40 దాకా వెలుగుంటుంది. ఆ లెక్కన గంట ముందు చేరండి. సుండల్ పొట్లం కొనుక్కోండి, కానీ ఆ చేత్తోనే బైనాక్యులర్ పట్టుకోకండి.

బైనాక్యులర్ కొనేట్టయితే 8×42 గానీ 7×50 గానీ తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. పది రెట్లు దాటితే చేతి వణుకు కూడా అన్ని రెట్లవుతుంది.

యాప్ పేరు మెరైన్‌ట్రాఫిక్. పచ్చ రంగు సరుకు ఓడ, ఎరుపు ట్యాంకర్, నీలం ప్రయాణికుల ఓడ, లేత నీలం పెద్ద ఓడలను లాగే టగ్గుల్లాంటివి. బాణం ఆకారం కదులుతున్న ఓడది, గుండ్రని చుక్క ఆగినదానిది. కిటికీల్లేని అపార్ట్‌మెంట్ తేలుతున్నట్టు కనపడితే అది కార్లను మోసే ఓడ. గుర్తును నొక్కగానే ముందు చూడాల్సింది చివరి సిగ్నల్ ఎప్పుడు అందిందన్నది. నడిచే ఓడ 2 నుంచి 10 సెకన్లకోసారి సంకేతం పంపుతుంది, లంగరేసినది 3 నిమిషాలకోసారి. సిగ్నల్ అంది గంటలైపోయిందంటే ఓడ అక్కడ ఉందన్న భరోసా లేదు. గమ్యం ఓడ సిబ్బంది చేత్తో కొట్టేది, పాత రేవు పేరే మిగిలిపోయి ఉండొచ్చు. గమ్యం దగ్గర రేవు కోడ్ ఉంటుంది: ఐఎన్ ఎంఏఏ అంటే చెన్నై. ఐఎన్ వీటీజడ్ కనపడితే మన విశాఖే, ఐఎన్ కేఏకే కాకినాడ.

ప్రతి పెద్ద ఓడకూ ఏడంకెల ఐఎంఓ (అంతర్జాతీయ సముద్రయాన సంస్థ) నంబరు ఉంటుంది. ఓనరు మారినా పేరు మారినా జెండా మారినా అది మారదు. అందులో ఒక చిన్న లెక్క దాగుంది. 9074729 తీసుకోండి. మొదటి ఆరు అంకెలను వరసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించండి: 63, 0, 35, 16, 21, 4. కూడితే 139. అందులో చివరి 9, నంబరులోని ఏడో అంకెతో సరిపోయింది. సరిపోకపోతే నంబరు ఎక్కడో తప్పు పడినట్టే.

పటంలో దగ్గరే ఉన్న ఓడ కంటికి సగమే కనపడితే అది మునిగిపోవడం లేదు, భూమి గుండ్రంగా ఉంది. ఇసుకలో నిలబడ్డ మనిషికి నీటి అంచు 4.7 కిలోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 15 మీటర్ల ఎత్తు మేడ మీదైతే దాదాపు 14 కిలోమీటర్ల దాకా తెలుస్తుంది. ఓడ కింది భాగం కూడా కనపడాలంటే ఎత్తుకు ఎక్కడమొకటే దారి. చేపల పడవల్లో చిన్నవి చాలావరకు పటంలో ఉండవు.

చీకటి పడ్డాక ఫోన్ వెలుగు అడుగంటా తగ్గించండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలకు పైనే పడుతుంది, స్క్రీన్ ఒక్కసారి వెలిగితే అదంతా పోతుంది. ఓడకైనా విమానానికైనా ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం. మీ ఎడమ చేతివైపు పచ్చ, కుడి చేతివైపు ఎరుపు కనపడుతుంటే అది మీకేసే వస్తోంది. లంగరేసిన పెద్ద ఓడకు రెండు తెల్ల దీపాలుంటాయి, ముందుది ఎత్తుగా, వెనకది కిందగా. డెక్ కూడా వెలుగుతూ ఉంటుంది.

విమానాశ్రయం గోడ దగ్గర, రేవు గేటు దగ్గర బైనాక్యులర్‌తో నిలబడకండి. భద్రతా సిబ్బంది అడిగే ప్రశ్నలతోనే సాయంత్రం అయిపోతుంది. ఇంటికొచ్చాక అద్దాలను చొక్కా అంచుతో తుడవద్దు, ఉప్పుతోపాటు అంటుకున్న ఇసుక గీతలు పెడుతుంది. ముందు మెత్తని బ్రష్‌తో దులిపి, తర్వాత మంచినీళ్లలో తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తిడి లేకుండా తుడవండి.