మన స్కూలు కబడ్డీ జట్టు పదేళ్ల కప్పుల లెక్క రాయాలంటే

గుంటూరులో మా హైస్కూలు అమ్మాయిల కబడ్డీ జట్టు గురించి ఎవరిని కదిలించినా "అబ్బో, పదేళ్లు వరసగా మనమే ఛాంపియన్లం" అంటారు. నేనూ అలాగే అనేదాన్ని. పాత విద్యార్థుల సమ్మేళనం కోసం 2013-14 నుంచి 2022-23 దాకా ఏ ఏడాది ఏం గెలిచామో ఒక చిన్న పుస్తకంలా రాద్దామని కూర్చున్నాక తేలిందేంటంటే, పదేళ్లూ కాదు, వరసగానూ కాదు. మీ స్కూలుకి కూడా ఇలాంటిది రాయాలనుంటే నేను పడ్డ తిప్పలు మీరు పడకూడదని ఇది రాస్తున్నా. మాది కబడ్డీ, మీది ఖోఖో కావచ్చు, ఫుట్‌బాల్ కావచ్చు, పని మాత్రం ఒకటే.

ముందుగా వాట్సాప్ గ్రూపులో అడక్కండి. నేను చేసిన మొదటి తప్పు అదే. 2016-17 ఫైనల్ ఒక్క పాయింటుతో పోయిందని ఆరుగురు ఒట్టేసి చెప్పారు, అంపైర్‌ని తిట్టారు కూడా. తర్వాత దొరికిన పేపర్ కటింగ్‌లో తేడా తొమ్మిది పాయింట్లు. అందుకని ముందు కాగితం, తర్వాతే మనుషులు.

కాగితాల్లో అన్నిటికంటే విలువైంది డ్రిల్లు సారు దగ్గరుండే ఎంట్రీ ఫారాల ఫైలు. హెచ్‌ఎం గారికి తెల్లకాగితం మీద ఒక అర్జీ ఇచ్చి, సారుతో కూర్చుని చూడండి, ఒక్కరే బీరువా తెరిచి కెలకొద్దు. ఒక్కో ఫారంలో అమ్మాయి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, తరగతి, అడ్మిషన్ నంబరు, పుట్టుమచ్చలు, స్టాంప్ సైజు ఫొటో, ఆ ఫొటో మీదకి సగం ఎక్కిన హెచ్‌ఎం సంతకం ఉంటాయి. కోర్టులో దిగిన ఏడుగురే కాదు, బెంచీ మీద కూర్చున్నవాళ్ల పేర్లూ ఉంటాయి (నేను ఆ బెంచీ మీదే ఉన్నాను కాబట్టి ఇది గట్టిగా చెబుతున్నా, సబ్‌స్టిట్యూట్ల పేర్లు వదిలేయకండి). కానీ ఎంట్రీ ఫారం చూస్తే ఎవరు వెళ్లారో తెలుస్తుంది, ఎవరు గెలిచారో తెలియదు.

గెలిచింది తెలియాలంటే సర్టిఫికెట్లు. ఇవి స్కూల్లో ఉండవు, ఇళ్లల్లో ఉంటాయి. స్పోర్ట్స్ కోటాకి పనికొస్తాయని అమ్మలు వీటిని పొలం కాగితాలతో పాటు బీరువాలో దాస్తారు. ఇంటికి వెళ్లి అక్కడే ఫోన్లో ఫొటో తీసుకోండి, ఒరిజినల్ మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు. మెరిట్ సర్టిఫికెట్టా, పార్టిసిపేషన్ సర్టిఫికెట్టా, ఎన్నో స్థానం, ఏ వయసు విభాగం, ఏ తేదీల్లో, ఈ నాలుగూ రాసుకోండి. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల్లో అండర్-14, అండర్-17, అండర్-19 వేరువేరు. మా వాళ్లు ఘనంగా చెప్పుకునే ఒక ఏడాది కప్పు అండర్-14 పిల్లలది, అదే ఏడాది పెద్ద జట్టు మండలంలోనే ఓడిపోయింది. రెండూ ఒకే గడిలో వేస్తే అబద్ధం రాసినట్టే.

షీల్డులు కూడా చూడండి, దుమ్ము తుడిచి మరీ. మా స్కూలు ఆఫీసు గదిలో ఒక చెక్క షీల్డుంది, ఏడాదికో చిన్న ఇత్తడి రేకు చొప్పున మేకులు కొట్టారు. వాటిలో ఒక రేకు ఊడిపోయింది. రెండు మేకు రంధ్రాలు, వాటి మధ్య చెక్క మిగతా చోట్ల కంటే లేత రంగులో ఉంది, అంటే అక్కడ చాలాకాలం రేకు ఉంది. ఏ ఏడాదిదో చెప్పేవాళ్లు లేరు. అలాంటి చోట ఊహించి నింపొద్దు. ఇంకో మాట, బడి బీరువాలో ఉన్న ప్రతి కప్పూ స్కూల్ గేమ్స్‌ది కాదు, సంక్రాంతి పోటీల్లో ఊళ్లో దాతలు ఇచ్చినవీ ఉంటాయి. వాటికి వేరే పేజీ పెట్టండి.

సర్టిఫికెట్ మీద తేదీలు దొరికాకే పాత పేపర్ల జోలికి వెళ్లండి. పోటీలు ముగిసిన మరుసటి రోజు, ఆ మరుసటి రోజు జిల్లా పేజీలు చూస్తే చాలు. తేదీ లేకుండా ఏడాది కట్ట తిరగేస్తే మెడ పట్టేయడం తప్ప ఏమీ ఉండదు. ఇంకా పాతకాలం సంగతులు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం, పాత పత్రికలకి పెట్టింది పేరు, గుంటూరు నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. "జిల్లా ఛాంపియన్" అని రాసేస్తాం, ఏ జిల్లా? 2022 ఏప్రిల్ 4కి ముందు గుంటూరు జిల్లా అంటే ఇప్పటికంటే చాలా పెద్దది, మాచర్ల నుంచి రేపల్లె దాకా అందరినీ దాటుకుని రావాలి. ఆ రోజుతో మాచర్ల, నరసరావుపేట పల్నాడు జిల్లాకి, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాకి వెళ్లిపోయి మనకి 18 మండలాలు మిగిలాయి. అందుకని 2022-23 కాగితం మీద "ఉమ్మడి గుంటూరు జిల్లా" అనుంటే పాత లెక్క, ఉత్త "గుంటూరు జిల్లా" అనుంటే ఎవరెవరు ఆడారో కనుక్కోవాలి. విజయవాడ వాళ్లకీ ఇదే గొడవ, నిన్నటిదాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. రాష్ట్రం సంగతీ అంతే. 2013-14లో రాష్ట్ర పోటీలంటే 23 జిల్లాలు, 2014 జూన్ 2 నుంచి 2022 ఏప్రిల్ దాకా 13. పైగా రాష్ట్ర పోటీల్లో ఆడేది జిల్లా జట్టు, స్కూలు జట్టు కాదు. "మన స్కూలు స్టేట్ ఫస్ట్" అని రాయకండి, "స్టేట్ ఫస్ట్ వచ్చిన జిల్లా జట్టులో మన పిల్లలు ముగ్గురు" అని రాయండి. ఇది చెప్పినప్పుడు మా గ్రూపులో ఇద్దరు అలిగారు, పర్లేదు.

ఏడాదిని ఎప్పుడూ 2018-19 అని విద్యా సంవత్సరంగానే రాయాలి. జనవరిలో జరిగిన పోటీని కొందరు 2019 అంటారు, కొందరు 2018 అంటారు, అలా ఒకే కప్పు రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. మాకు "పదేళ్లు వరసగా" అన్న మాట పుట్టింది ఇక్కడే అని నా అనుమానం. 2020-21 గడిలో ఖాళీ వదలొద్దు, ఓటమి అనీ రాయొద్దు. 2020 మార్చిలో కరోనాతో బడులు మూసేశారు, మళ్లీ తొమ్మిది, పది తరగతులు మొదలయ్యేసరికి నవంబరు వచ్చింది. మేము "కరోనా, ఆట లేదు" అని రాశాం.

ఇక మనుషులు. అమ్మాయిల జట్టుకి ఇదే కష్టం. పెళ్లయి ఇంటిపేరు మారిపోయి, ఊరు మారిపోయి ఉంటారు, ఫేస్‌బుక్‌లో వెతికితే దొరకరు. ఎంట్రీ ఫారంలో ఉన్న తండ్రి పేరు పట్టుకుని పుట్టింటి వీధికి వెళ్లండి, వాళ్లమ్మ కాఫీ ఇచ్చి మరీ నంబరిస్తుంది. మాట్లాడేటప్పుడు "ఎలా గెలిచారు" అని అడిగితే "కష్టపడ్డాం" అంటారు, అక్కడితో సరి. "చివరి కూతకి ఎవరెళ్లారు, అవతల ఎంతమంది మిగిలారు" అని అడగండి. మా సీనియర్ అక్క ఒకామె అవతల నలుగురున్నప్పుడు బోనస్ గీత (తొక్కితే పాయింటు అదనంగా వచ్చే గీత) తొక్కి గెలిపించానంది. ఎదుట ఆరుగురైనా ఉంటేనే బోనస్ ఇస్తారు కదక్కా అంటే, కాసేపు ఆలోచించి, "అయితే అది సెమీస్ అయ్యుంటుందే, ఫైనల్లో నన్ను చీలమండ దగ్గర పట్టేశారు" అని నవ్వింది. ఆ నవ్వుతో పాటు అసలు కథ కూడా బయటికొచ్చింది, చీలమండ మీద మచ్చ చూపించి మరీ చెప్పింది.

రాసేటప్పుడు ఏడాదికో పేజీ చాలు. పైన విద్యా సంవత్సరం, వయసు విభాగం, ఏ స్థాయి దాకా వెళ్లారు, ఎవరి చేతిలో ఆగిపోయారు, కింద మొత్తం జట్టు, తర్వాత ఒకటో రెండో సంగతులు. ఓడిన ఏళ్లకీ అంతే చోటివ్వండి. పుట్టిన తేదీలు, ఫోన్ నంబర్లు, అడ్మిషన్ నంబర్లు మాత్రం పుస్తకంలోకి రానివ్వకండి. ఆధారం దొరకని చోట "చెప్పినవారి మాట" అని పక్కన రాసి వదిలేయండి.

ఫ్లెక్సీ వేయిద్దామని మావాళ్లు పట్టుబట్టారు, ఎండకి ఒక్క వేసవిలో వెలిసిపోతుందని నేను ఒప్పుకోలేదు. బ్రాడీపేటలో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించాం, ఒకటి స్కూలు లైబ్రరీకి, ఒకటి డ్రిల్లు సారుకి. చివర్లో నాలుగు తెల్ల పేజీలు వదిలాం. సారు పుస్తకం తీసుకున్న వారానికే ఫోన్ చేశారు, ఊడిపోయిన రేకు తాలూకు పేజీలో పెన్సిల్‌తో ఏదో రాశారట, వచ్చి చూడమన్నారు.