కాలిఫోర్నియా ఈడీడీ క్లెయిమ్: సబ్మిట్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

ఉద్యోగం పోయినా, ఆపరేషన్ అయినా, బిడ్డ పుట్టినా కాలిఫోర్నియాలో డబ్బు సాయానికి అప్లై చేయాల్సింది ఈడీడీకే, అంటే రాష్ట్ర ఉపాధి శాఖకే. దీనికి ఫీజు లేదు. డబ్బులడిగే ఏజెంట్ల జోలికి వెళ్లకండి.

• పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే కొట్టండి. మనవాళ్లకు ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. గుర్తింపు తనిఖీ అక్కడే ఆగిపోవచ్చు.

• అన్నిటికన్నా తేదీలు ముఖ్యం. నిరుద్యోగ భృతి మీరు అప్లై చేసిన వారం మొదలైన ఆదివారం నుంచి లెక్క, అందుకే పని పోయిన వారంలోనే పెట్టేయండి. డిజెబిలిటీకి (జబ్బు, ఆపరేషన్, కాన్పు వల్ల పని చేయలేనప్పుడు ఇచ్చే డబ్బు) ఈ తొందర పనికిరాదు. పని చేయలేని స్థితి మొదలయ్యాక 9 రోజులు ఆగాలి, 49 దాటకూడదు. ఫ్యామిలీ లీవ్‌కైతే (పుట్టిన బిడ్డతో గడపడానికో, జబ్బుపడ్డ ఇంట్లోవాళ్లను చూసుకోడానికో తీసుకునే సెలవు) ఆ సెలవు మొదలైన రోజు నుంచి 41 రోజుల్లోపు.

• డిజెబిలిటీ ఫారం పంపగానే 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రసీదు నంబరు వస్తుంది. అది డాక్టరు ఆఫీసుకు ఇవ్వండి. ఫారంలో డాక్టరు నింపే భాగం ఈడీడీకి పంపారో లేదో ఫోన్ చేసి అడగండి, మొహమాటపడొద్దు. అది అందకపోతే మీ క్లెయిమ్ కదలదు.

• భృతికి రెండు వారాలకోసారి సర్టిఫై చేయాలి, అంటే ఆ వారాల్లో మీకు ఇంకా అర్హత ఉందని ఈడీడీకి చెప్పాలి. పార్ట్‌టైం సంపాదన ఉంటే, పన్ను కోతకు ముందు మొత్తాన్ని, పని చేసిన వారంలోనే చూపండి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు భృతికి అప్లై చేసేముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగాలి. డిజెబిలిటీ, ఫ్యామిలీ లీవ్‌లకు మాత్రం వీసా అడ్డు కాదు. టెన్షన్ పడి వదులుకోకండి.

ఇంకోటి: ఫ్యామిలీ లీవ్ 8 వారాల వరకు డబ్బిస్తుంది కానీ ఉద్యోగాన్ని కాపాడదు. ఆ సెలవు సంగతి హెచ్‌ఆర్‌తో విడిగా, రాతపూర్వకంగా తేల్చుకోండి.