పనామా కాలువ ఒప్పందాన్ని ఎలా చదవాలి

1900ల మొదట్లో అమెరికా విదేశాంగ విధానం అనగానే చాలామంది అప్పటి అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ప్రసంగాలతో మొదలుపెడతారు. నేను పాఠం చెప్పేటప్పుడు మాత్రం ముందు ఒప్పందాలు, ఆ తర్వాతే ప్రసంగాలు. ఎవరికి ఏం దక్కిందో తేలేది సంతకం పడ్డ కాగితంలోనే.

కాలువ తవ్వడానికి నేలపట్టీ కోసం అమెరికా 1903 నవంబరులో పనామాతో చేసుకున్న ఒప్పందం తీసుకోండి. దాన్ని విడిగా చదవొద్దు. అదే పని కోసం అదే ఏడాది జనవరిలో అమెరికా కొలంబియాతో రాసుకున్న హే-హెర్రాన్ ఒప్పందాన్ని పక్కన పెట్టుకోండి. అప్పటికి పనామా కొలంబియాలో భాగం. కొలంబియా సెనేట్ ఆగస్టులో దాన్ని తిరస్కరించింది.

అమెరికా ఇచ్చే డబ్బు రెండింట్లోనూ ఒకటే: ముందుగా కోటి డాలర్లు, తర్వాత ఏటా 2,50,000. అందుకే అక్కడ ఆగకుండా, తేడా వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టండి. కొలంబియాను అడిగింది 100 ఏళ్ల లీజు, కావాలంటే పొడిగించుకోవచ్చు. పనామా నుంచి తీసుకున్నది శాశ్వతంగా. నేలపట్టీ వెడల్పు 10 కిలోమీటర్ల నుంచి 10 మైళ్లకు పెరిగింది. మొదటి దాంట్లో కొలంబియా సార్వభౌమత్వాన్ని అమెరికా స్పష్టంగా గుర్తించింది. రెండో దాని మూడో అధికరణాన్ని నిదానంగా చదవండి: ఆ నేలకు అమెరికాయే సార్వభౌమురాలైతే ఏయే అధికారాలు ఉండేవో అవన్నీ దానివే, పనామా వాటిని వాడటానికి వీల్లేదు. నాకు ఈ ఒక్క వాక్యం ఎన్నో ప్రసంగాల కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు తేదీలు రాసుకోండి. నవంబరు 2న అమెరికా యుద్ధనౌక నాష్‌విల్ కొలోన్ రేవుకు వచ్చింది. 3న పనామా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. 6న అమెరికా గుర్తించింది. 18న ఒప్పందం.

సంతకాలూ చూడాలి. పనామా తరఫున సంతకం పెట్టిన ఫిలిప్ బునో-వారియా ఫ్రెంచ్ ఇంజనీరు. అమెరికా 4 కోట్ల డాలర్లకు ఆస్తులు కొన్న ఫ్రెంచ్ కాలువ కంపెనీలో ఆయనకు వాటా ఉంది. పనామా ప్రతినిధులు అదే రాత్రి వాషింగ్టన్ చేరేసరికి సంతకాలు అయిపోయాయి. అయినా పనామా డిసెంబరు 2న ఎందుకు ఆమోదించింది? జవాబు మొదటి అధికరణంలో ఉంది: పనామా స్వాతంత్ర్యానికి అమెరికా హామీ. అది లేకపోతే కొలంబియా సైన్యం వస్తుందన్న భయం వాళ్లది.

పద్ధతి పట్టుబడ్డాక క్యూబా మీదికి వెళ్లండి. 1901 ప్లాట్ సవరణ అంటే క్యూబా నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకోవడానికి అమెరికా చట్టంలో పెట్టిన షరతులు. అందులో 3, 7 క్లాజులు చాలు: ఒకటి జోక్యం చేసుకునే హక్కు, రెండోది నౌకా స్థావరాల స్థలం. పక్కన 1934 అమెరికా-క్యూబా ఒప్పందం పెట్టి, ఈ రెండింట్లో ఏది పోయిందో, ఏది ఉండిపోయిందో గీత పెట్టండి.