మేడ మీద తేగల పాతర

తగరపువలస దాటాక, గోస్తనీ ఒడ్డున మా తాతకి ఎకరంన్నర పొలం ఉండేది. గట్టు మీద తాడిచెట్లు. శ్రావణం వెళ్లి భాద్రపదం వచ్చేసరికి రాత్రిళ్లు దబ్బుమని పళ్లు రాలేవి. తెల్లవారకముందే వెళ్లి ఏరుకొచ్చే పని నాది. పళ్లు పిసికి పేసం తీసి అమ్మమ్మ రొట్టె కాల్చేది, టెంకలు తాత పాతర వేసేవాడు. ఆ పాతరనే ఇప్పుడు విశాఖ మద్దిలపాలెంలో మా మేడ మీద ఏటా వేస్తున్నాను. మీరూ వేయొచ్చు.

ముందు టెంకలు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆనందపురం, తగరపువలస వైపు తాడిచెట్లున్న రైతుల్ని అడిగితే పళ్లు ఇస్తారు. ఒక్కో పండులో మామూలుగా మూడు టెంకలుంటాయి. పేసం తీసేశాక పీచు పీకక్కర్లేదు, అలాగే పాతేయొచ్చు.

ఇక అసలు సంగతి లోతు. టెంక మొలక పైకి రాదు, ముందు నేలలోకి దిగుతుంది. దిగిన ఆ మొలకే తేగ. అందుకే తాత నేలని తవ్వి గుల్ల చేసి, దాని మీద నా మోకాలెత్తు ఇసకమట్టి పోసేవాడు. మొదటి ఏడాది నేను ఇది మరిచి పూలకుండీల్లో పాతాను. సంక్రాంతికి తీస్తే తేగలన్నీ అడుగు తగిలి, వంకర తిరిగి, బొటనవేలంత ఉన్నాయి. ఆ రోజు నిజంగా ఏడుపొచ్చింది. ఇప్పుడు రెండడుగుల ప్లాస్టిక్ డ్రమ్ముకి అడుగున చిల్లులు పెట్టి, ఇసక, ఎర్రమట్టి సగం సగం కలిపి అడుగున్నర దాకా పోస్తున్నాను. దాని మీద టెంకలు పక్కపక్కనే రెండు వరసలు పేర్చి, పైన బెత్తెడు మట్టి కప్పాలి. మట్టి నర్సరీలో కొనండి. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం ఒక్క గంపెడు కూడా తేవద్దు. 2014లో దాన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, మనం కాపాడుకోవాల్సిన చోటు అది.

వానలున్నన్నాళ్లూ నీళ్లు పోయక్కర్లేదు. తర్వాత పైమట్టి ఎండితే చిలకరిస్తే చాలు. మడుగు కడితే కుళ్లిపోతాయి.

దీపావళి దాటాక ఒక టెంక తీసి కత్తితో రెండు చెక్కలు చేయండి. లోపల తెల్లగా, స్పంజిలా, తియ్యగా బుర్రగుంజు ఉంటుంది. ఒకటో రెండో తిని మిగతావి వదిలేయాలి. బుర్రగుంజులోని బలమంతా తర్వాత తేగలోకే దిగుతుంది.

తేగలు తీసేది సంక్రాంతికి. నేను ఆత్రంగా గునపం పట్టుకుంటే అమ్మమ్మ అరిచేది: "ఒలే గుంటా, పైనుంచి పొడిస్తే ఇరిగిపోతాదే! పక్క నుంచి లాగు మట్టి." డ్రమ్మునైతే పక్కకి ఒరిగించి చేత్తో మట్టి గుంజండి. ఇంకా ఆలస్యం చేస్తే ఆకు పైకొచ్చి తేగలో పీచు ముదురుతుంది.

ఊళ్లో అయితే తంపటి వేసేవాళ్లం. కుండలో తేగలు నిలువునా కూరి, మూతికి ఆకులు కుక్కి, బోర్లించి, చుట్టూ ఎండు తాటాకులు పేర్చి మంట పెట్టేవాడు తాత. ఆ పొగవాసన కుక్కరులో రాదు. అయినా ఉప్పు, చిటికెడు పసుపు వేసి, తేగలు మునిగేదాకా నీళ్లు పోసి ఆరేడు కూతలు రానిస్తే మెత్తగా ఉడుకుతాయి. వేడి తగ్గాక పైపొర ఒలిచి, గోటితో నిలువునా చీల్చండి. నడిమధ్య లేత మొలక కనిపిస్తుంది. దాన్ని చందమామ అంటాం. అమ్మమ్మ అన్ని తేగల్లోంచీ చందమామలు తీసి, అరచేతిలో పోగేసి, ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల నోట్లో పెట్టేది.